మంచు పడకముందే విమానాలు ఎందుకు రద్దు చేస్తారు? తిరుపతి, చిత్తూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఒకటే ఎదురుచూపు. న్యూజెర్సీ నుంచో, డల్లాస్ నుంచో, టొరంటో నుంచో పిల్లలు రావాలి. ధనుర్మాసంలో కొండకు వెళ్లాలి, మనవడి పుట్టువెంట్రుకలు తీయించాలి, సెలవు దొరికితే సంక్రాంతి దాకా ఉండాలి. సరిగ్గా అప్పుడే అక్కడ మంచు తుఫాను అంటారు. ఒక్క రేకు మంచు రాలకముందే వందల విమానాలు రద్దయ్యాయని టీవీలో వస్తుంది. ఇక ఫోన్ల మీద ఫోన్లు. ఆ సమయంలో ఎక్కువమంది అడిగేవాటికి జవాబులు ఇవి. టికెట్ ఇంకా బుక్ చేయనివాళ్లకు కూడా పనికొస్తాయి, ఇంకా చెప్పాలంటే వాళ్లకే ఎక్కువ.

అక్కడ ఆకాశం తేటగా ఉందని మా అమ్మాయి వీడియో కాల్‌లో చూపించింది. రేపటి విమానం ఈరోజే రద్దు చేశారు. ఇదేం న్యాయం?

మనకు తెలిసిన ఉదాహరణే చెప్తాను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే రైల్వే వాళ్లు చాలా రైళ్లు రద్దు చేశారు. రైలు గూడూరు దగ్గరో ఒంగోలు దగ్గరో నీళ్లలో నిలబడిపోయాక జనాన్ని దింపడం కన్నా, అసలు బయలుదేరనివ్వకపోవడమే మేలని. విమానాలదీ అదే లెక్క, కాకపోతే చిక్కులు ఇంకొన్ని ఎక్కువ.

మంచు పడుతున్నప్పుడు రన్‌వేను మాటిమాటికీ మూసి, యంత్రాలతో మంచు తోసేయాలి. గంటకు 40 విమానాలు దిగే చోట పదో పదిహేనో దిగుతాయి అనుకోండి. మిగతావి ఎక్కడికి పోవాలి? గాలిలో తిరుగుతూ ఉండలేవు, దిగినవాటికి నిలబడే చోటు ఉండదు, బయలుదేరాల్సినవి గేటు వదల్లేవు. అందుకే కంపెనీలు తుఫాను వచ్చే ఊరినుంచి విమానాలను ముందే ఖాళీ చేసి వేరే ఊళ్లకు తరలిస్తాయి. తుఫాను పోయిన మర్నాడు ఆ విమానాలు మంచు కింద కూరుకుపోయి ఉండవు కాబట్టి పని త్వరగా మొదలవుతుంది.

దీని వెనక ఒక చేదు అనుభవం కూడా ఉంది. 2007 ఫిబ్రవరి 14న న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో మంచు, ఐస్ వాన పడుతున్నా జెట్‌బ్లూ కంపెనీ వాతావరణం కాస్త తెరిపిస్తుందిలే అని విమానాలు రద్దు చేయకుండా ఆగింది. తెరిపివ్వలేదు. ప్రయాణికులు ఎక్కి కూర్చున్నాక విమానాలు రన్‌వే దగ్గర ఇరుక్కుపోయాయి. జనం గంటల తరబడి సీట్లలోనే ఉండిపోయారు. ఆ గొడవ తర్వాత, అలాంటివే మరికొన్ని జరిగాక, 2010లో అమెరికా రవాణా శాఖ ఒక నిబంధన తెచ్చింది. దేశంలో తిరిగే విమానమైతే మూడు గంటలు దాటకుండా ప్రయాణికులకు కిందికి దిగే అవకాశం ఇవ్వాలి. మరుసటి ఏడాది విదేశీ ప్రయాణాలకూ వర్తింపజేసి, వాటికి నాలుగు గంటల గడువు పెట్టారు. మీరితే భారీ జరిమానా. అప్పటినుంచి 'చూద్దాంలే' అనే ధోరణి పోయి 'ముందే ఆపేద్దాం' అనేది వచ్చింది.

అమ్మాయి ఇంట్లో హీటర్ పక్కన కూర్చుని టికెట్ మార్చుకోవడం ఒక ఎత్తు, చంటిబిడ్డతో విమానాశ్రయం నేల మీద రెండు రాత్రులు పడుకోవడం ఒక ఎత్తు. నా మటుకు ముందు రోజు రద్దు చేసిన కంపెనీ మీద కోపం రాదు. గేటు దగ్గర ఆరు గంటలు కూర్చోబెట్టి, ఆఖర్లో రద్దు చేసేవాళ్ల మీద వస్తుంది.

తీరా మంచు పడకపోతే?

అలాగూ జరుగుతుంది. 2015 జనవరి చివర్లో న్యూయార్క్‌కు రెండు మూడు అడుగుల మంచు అన్నారు. వేల విమానాలు రద్దయ్యాయి. నగరంలోని సెంట్రల్ పార్కులో కొలిస్తే తేలింది 9.8 అంగుళాలు, అడుగుకన్నా తక్కువ. లాంగ్ ఐలాండ్, బోస్టన్ వైపు మాత్రం చెప్పినట్టే దంచింది. తుఫాను దారి కొన్ని పదుల కిలోమీటర్లు అటూ ఇటూ అయ్యేసరికి లెక్క మారిపోయింది. వాతావరణ శాఖలో ఒక అధికారి బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు. రద్దయిన విమానాన్ని మాత్రం మళ్లీ వెనక్కి తీసుకురారు. సిబ్బందిని, విమానాన్ని అప్పటికే వేరే పనికి పంపేసి ఉంటారు.

'వాచ్' అంటున్నారు, 'వార్నింగ్' అంటున్నారు. ఏది వింటే భయపడాలి?

అమెరికా వాతావరణ శాఖ 'వాచ్' అంటే రావచ్చు, కనిపెట్టుకుని ఉండండి అని. 'వార్నింగ్' అంటే వచ్చేస్తోంది లేదా మొదలైంది అని. టికెట్ గురించి ఆలోచన వాచ్ దగ్గరే మొదలుపెట్టాలి. వార్నింగ్ వచ్చేసరికి మిగిలిన మంచి సీట్లు అయిపోతాయి. టీవీలో తుఫానుకు పెట్టే పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు, మంచు తుఫాన్లకు ఆ పేర్లు పెట్టేది వెదర్ ఛానల్ వాళ్లు, ప్రభుత్వం కాదు.

అంత పెద్ద విమానం, కాస్త మంచుకు ఎగరలేదా?

ఎగురుతుంది. పైన ఎగరడంలో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నేలమీదే, రెక్క మీద. రెక్క నున్నగా ఉంటేనే గాలి దాన్ని సరిగా పైకి ఎత్తుతుంది. ఇసుక కాగితమంత గరుకుగా మంచు పేరుకున్నా ఆ ఎత్తే శక్తి 30 శాతం దాకా తగ్గిపోవచ్చని లెక్క. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం రెక్కల మీద మంచుతోనే బయలుదేరి, పైకి లేవలేక వంతెనను గుద్దుకుని పోటోమాక్ నదిలో పడింది. వంతెన మీద కార్లలో ఉన్నవాళ్లతో కలిపి 78 మంది పోయారు.

అందుకే బయలుదేరేముందు రెక్కల మీద వేడి ద్రవం కొట్టి మంచు కరిగిస్తారు. నారింజ రంగులో కనిపించేది ఉన్న మంచును వదిలించేది. ఆకుపచ్చగా చిక్కగా ఉండేది కొత్త మంచు అంటుకోకుండా కాసేపు కాపాడేది. ఆ 'కాసేపు' ఎంతసేపన్నది మంచు ఎంత జోరుగా పడుతోంది, చలి ఎంత ఉంది అన్నదాన్నిబట్టి పట్టికల్లో ఉంటుంది. ఆ గడువులోగా విమానం లేవాలి, లేకపోతే వెనక్కి వచ్చి మళ్లీ కొట్టించుకోవాలి. ముందు ముప్పై విమానాలు క్యూలో ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మంచుకన్నా మొండిది ఐస్ వాన. పడీ పడగానే గాజులా గడ్డకడుతుంది. ఓ మోస్తరు నుంచి గట్టిగా ఐస్ వాన పడుతుంటే ఆ పట్టికల్లో గడువే ఇవ్వలేదు, అంటే బయలుదేరడానికి లేనట్టే. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్‌లో మంచు తక్కువే కానీ ఈ ఐస్ బెడద ఉంది. 'మా వాడుండేది టెక్సాస్, అక్కడ మంచెక్కడిది' అని ధీమాగా ఉండకండి.

ఒక్కరోజు తుఫానుకు వారం రోజులు ఎందుకు సర్దుకోదు?

పండగ రోజులు కాబట్టి. మామూలు రోజుల్లో రద్దయిన విమానంలోని వాళ్లను మర్నాటి ఖాళీ సీట్లలో సర్దుతారు. క్రిస్మస్ వారంలో ఖాళీలే ఉండవు. 250 మంది ఉన్న విమానం రద్దయి, రోజుకు పది సీట్లే దొరికితే ఎన్ని రోజులు పడుతుందో లెక్కేయండి.

సిబ్బంది సంగతి ఇంకొకటి. పైలట్లకు డ్యూటీ గంటల పరిమితి ఉంది. ఆలస్యమై గంటలు అయిపోతే వేరే పైలట్ రావాలి, ఆయనేమో ఇంకో ఊళ్లో ఇరుక్కుని ఉంటాడు. 2022 డిసెంబర్‌లో సౌత్‌వెస్ట్ కంపెనీకి జరిగింది ఇదే. మిగతా కంపెనీలు రెండు మూడు రోజుల్లో తేరుకుంటే, సౌత్‌వెస్ట్‌లో ఎవరు ఎక్కడున్నారో లెక్క వేసే వ్యవస్థ చేతులెత్తేసింది. పది రోజుల్లో 16,900 విమానాలు రద్దయ్యాయి, 20 లక్షల మందికి పైగా చిక్కుకున్నారు. మరుసటి ఏడాది అమెరికా రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. తుఫాను అందరికీ ఒకటే, తేరుకోవడం మాత్రం కంపెనీని బట్టి ఉంటుంది.

మా వాడు కొలంబస్ నుంచి న్యూయార్క్, అక్కడినుంచి దోహా మీదుగా చెన్నై. ఇందులో ఏది రద్దవుతుంది?

చాలామంది పెద్ద విమానం గురించే టెన్షన్ పడతారు. నిజానికి ముందు పోయేది చిన్నదే. విమానాలు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు కంపెనీలు 70 సీట్ల చిన్న విమానాలను ముందు తీసేస్తాయి. మూడు వందల మందితో సముద్రం దాటే విమానాన్ని వీలైనంతవరకు కాపాడుకుంటాయి, ఆలస్యంగానైనా పంపుతాయి. దోహా, దుబాయ్, అబుదాబి కంపెనీల విమానం రోజుకు ఒకటో రెండో కాబట్టి అవీ రద్దుకన్నా ఆలస్యానికే మొగ్గుతాయి.

అంటే జరిగేదేమిటంటే, కొలంబస్ నుంచి న్యూయార్క్ చిన్న విమానం రద్దవుతుంది, న్యూయార్క్ నుంచి దోహా విమానం మీ వాడు లేకుండా వెళ్లిపోతుంది. మొత్తం ఒకే టికెట్ మీద ఉంటే కంపెనీ మరో దారి చూపించాలి. అప్పుడు మీవాడు ఊరికే 'నెక్స్ట్ ఫ్లైట్ ఇవ్వండి' అని అడిగితే మళ్లీ అదే తుఫాను ఊరి మీదుగా రెండు రోజుల తర్వాతది ఇస్తారు. తుఫాను లేని ఊరు పేరు చెప్పి అడగాలి. న్యూయార్క్ మూసుకుపోతే షికాగో, డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటా, వాషింగ్టన్ ఇలా ఏ ఊరినుంచి దోహాకు సీటుందో తనే ఆప్‌లో చూసుకుని, ఆ విమానం నంబరుతో సహా చెబితే అవతలివాళ్లు పని త్వరగా ముగిస్తారు.

కొత్తగా బుక్ చేసేవాళ్లకు ఒక మాట. డిసెంబర్, జనవరి నెలల్లో 15 వేలు తక్కువని అమెరికా ఈశాన్య ఊళ్లలో రెండు చోట్ల మారే టికెట్ కొనకండి. ఇంటి దగ్గరి పెద్ద విమానాశ్రయం నుంచి ఒకే ఒక్క చోట మారేది మేలు. ఉదయం విమానమైతే ఇంకా మంచిది, ఆలస్యాలు సాయంత్రానికి పోగుపడతాయి.

చిన్న విమానం రద్దయితే కారేసుకుని న్యూయార్క్ వెళ్లిపోతానంటున్నాడు. వెళ్లొచ్చా?

రోడ్లు బాగుంటే, తుఫానుకు ఒకరోజు ముందైతే, వెళ్లొచ్చు. కానీ విమానం కంపెనీకి చెప్పకుండా మాత్రం వెళ్లకూడదు. మొదటి అంచె ఎక్కకపోతే 'ప్రయాణికుడు రాలేదు' అని రాసుకుని మిగతా టికెట్ మొత్తం, తిరుగు ప్రయాణంతో సహా, రద్దు చేసేస్తారు. వాడు నానా తంటాలు పడి కెనడీ విమానాశ్రయం చేరితే అక్కడ సీటే ఉండదు. ముందు ఫోన్ చేసి, న్యూయార్క్ నుంచే ఎక్కుతానని చెప్పి, టికెట్ అలా మార్పించుకుని, కొత్త టికెట్ మెయిల్ వచ్చాకే కారు తీయాలి. చిన్న విమానాన్ని కంపెనీయే రద్దు చేసినా సరే, ఇదే పద్ధతి.

మంచు మొదలయ్యాక అలవాటు లేని డ్రైవింగ్ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. కొండకు ఇంకోసారి పోవచ్చు.

'ట్రావెల్ వెయివర్' అని మెయిల్ వచ్చింది. ఏం చేయాలి?

సంతోషించాలి. తుఫాను సూచన రాగానే కంపెనీలు కొన్ని ఊళ్ల పేర్లు, తేదీలు ప్రకటించి, ఆ ప్రయాణికులు డబ్బు కట్టకుండా తేదీ మార్చుకోవచ్చంటాయి. సాధారణంగా అదే క్లాసు, అవే ఊళ్లు, ఫలానా తేదీలోపు అనే షరతులుంటాయి. ఇది రద్దుకన్నా ముందు వస్తుంది. ఈ నడుమ ఉన్న కొన్ని గంటలే మన చేతిలో ఉన్న సమయం. సెలవు దొరికేట్టుంటే ఒకరోజు ముందుకు జరుపుకోవడం అన్నిటికన్నా మంచిది. వెనక్కి జరిపితే రద్దయినవాళ్లందరితో పోటీ పడాలి.

రద్దయ్యేట్టుంది కదా, మేమే క్యాన్సిల్ చేసుకుని డబ్బు తీసుకోమా?

వద్దు! ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మీరు రద్దు చేస్తే మీ టికెట్ షరతులు వర్తిస్తాయి, చవక టికెట్ అయితే చేతికి పెద్దగా ఏమీ రాదు. కంపెనీ రద్దు చేస్తే, మీరు వేరే విమానం వద్దన్నప్పుడు, నాన్ రిఫండబుల్ టికెట్‌కైనా వాడని భాగం డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వాలి. కారణం మంచు తుఫానైనా సరే. అమెరికాకు వచ్చే, అమెరికా నుంచి వెళ్లే, అక్కడ తిరిగే విమానాలకు 2024లో తెచ్చిన నిబంధన ఇది. క్రెడిట్ కార్డుతో కొంటే 7 పని దినాల్లో, వేరే రకంగా కడితే 20 రోజుల్లో రావాలి. రద్దు కాకపోయినా దేశీయ ప్రయాణం 3 గంటలు, విదేశీ ప్రయాణం 6 గంటలు మించి మారితే, ఆ మార్పు మీకు వద్దంటే, అప్పుడూ డబ్బు అడగొచ్చు.

మెయిల్‌లో పెద్ద అక్షరాలతో 'ట్రావెల్ క్రెడిట్ తీసుకోండి' అనే బటన్ ఉంటుంది. డబ్బు కావాలంటే ఆ బటన్ నొక్కకండి, రిఫండ్ అనే మాట కోసం కింద వెతకండి.

అయితే డబ్బు తీసుకోవడమే తెలివైన పనని కాదు. సెప్టెంబర్‌లో కొన్న రేటుకు డిసెంబర్ 24న కొత్త టికెట్ దొరకదు. నిజంగా రావాలనుకుంటే రిఫండ్ కన్నా వేరే విమానంలో సీటు అడగడమే లాభం.

హోటల్, భోజనం ఎవరిస్తారు?

అమెరికాలో వాతావరణం వల్ల రద్దయితే హోటల్ ఇచ్చి తీరాలనే చట్టం లేదు. కంపెనీ తప్పువల్ల అయితే ఇస్తామని పెద్ద కంపెనీలు మాటిచ్చాయి, మంచు వాళ్ల తప్పు కిందికి రాదు. అడిగితే పోయేదేం లేదు, కొన్నిసార్లు తక్కువ రేటు కూపన్ ఇస్తారు.

జర్మనీ, ఫ్రాన్స్ లాంటి యూరోపియన్ యూనియన్ దేశాల్లో మొదలయ్యే ప్రయాణమైతే లెక్క వేరు. మంచువల్ల రద్దయితే 250 నుంచి 600 యూరోల పరిహారం రాదు కానీ, వేరే విమానం దొరికేదాకా భోజనం, అవసరమైతే హోటల్ ఇవ్వాల్సిందే. బ్రిటన్‌లోనూ ఇదే పద్ధతి. 2010 డిసెంబర్‌లో క్రిస్మస్ ముందు మంచుకు లండన్ హీత్రూ రోజుల తరబడి కుంటుపడినప్పుడు వేలమంది టెర్మినల్‌లోనే పడుకున్నారు, కాబట్టి చట్టం ఉన్నా చేతిలో కాస్త డబ్బు, బ్యాగులో బిస్కెట్లు ఉండాలి. బిల్లులన్నీ దాచుకోమనండి.

కెనడాలో చదివే పిల్లలకు: మంచు కంపెనీ చేతిలో లేనిది కాబట్టి హోటల్, పరిహారం ఉండవు. కానీ పెద్ద కంపెనీ 48 గంటల్లోగా బయలుదేరే సీటు తన విమానాల్లోనో భాగస్వామి కంపెనీలోనో చూపలేకపోతే, పోటీ కంపెనీలోనైనా సీటు కొనివ్వాలి, లేదా మీరు కోరితే డబ్బు వెనక్కివ్వాలి. ఈ 48 గంటల మాట కౌంటర్‌లో గట్టిగా అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

టికెట్ మన ఊరి ఏజెంటు దగ్గర తీసుకున్నాం.

అయితే మొదటి ఫోన్ ఆయనకే. చాలా కంపెనీలు ఏజెంటు టికెట్‌ను తాము ముట్టుకోమంటాయి. ప్రయాణం మొదలయ్యాకా, బయలుదేరే సమయం దగ్గరపడ్డాకా మాత్రం విమానాశ్రయం కౌంటర్ వాళ్లే మార్చగలరు. డబ్బు కూడా ఆయన ఖాతా మీదుగానే రావొచ్చు. బుక్ చేసేటప్పుడే పీఎన్‌ఆర్‌లో మీ అబ్బాయి ఫోన్ నంబరు, మెయిల్ పెట్టించండి. ఏజెంటు నంబరు మాత్రమే ఉంటే రద్దు మెసేజ్ ఆయనకు పోతుంది, ఆయనేమో రాత్రి ఫోన్ పక్కన పెట్టి నిద్రపోతుంటాడు.

హైదరాబాద్ నుంచి రేణిగుంటకు వేరే టికెట్ కొన్నాం. అమెరికా విమానం ఆలస్యమైతే అదీ మారుస్తారా?

మార్చరు. వేరే పీఎన్‌ఆర్ అంటే వాళ్లకు సంబంధం లేని ప్రయాణం. హైదరాబాద్‌లో దిగేసరికి రేణిగుంట విమానం వెళ్లిపోతే ఆ డబ్బు పోయినట్టే. రెండూ ఒకే టికెట్ మీద దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే, మార్చుకునే వీలున్న టికెట్ కొనండి, లేదా దిగాక రాత్రి రైలో బస్సో పట్టుకోండి.

అయితే చెన్నైలో దిగడం మంచిదా, బెంగళూరా, హైదరాబాదా?

తిరుపతి వాళ్లకు చెన్నై. పుత్తూరు, నగరి మీదుగా కారులో మూడు నాలుగు గంటలు, విమానం అర్ధరాత్రి వచ్చినా ఇంటికి తెల్లారేసరికి చేరతారు. చిత్తూరు వాళ్లకు చెన్నై, బెంగళూరు రెండూ కుదురుతాయి, కాకపోతే బెంగళూరు విమానాశ్రయం ఊరికి అవతల దేవనహళ్లి వైపు ఉంది, ట్రాఫిక్ లెక్కలో పెట్టుకోవాలి. చెన్నైకి ఉన్న లోపం డిసెంబర్ మొదటివారాల వానలు. 2023 డిసెంబర్ 4న మిచాంగ్ వానకు రన్‌వే మీద నీళ్లు నిలిచి ఆ విమానాశ్రయమే మూతపడింది. ఎక్కేచోట మంచు, దిగేచోట వాన. రెండూ ఒకే వారంలో పడితే దేవుడే దిక్కు.

ఇక్కడ ఇంట్లో కూర్చుని మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. శీతాకాలంలో న్యూయార్క్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, డల్లాస్ పదకొండున్నర గంటలు వెనక. న్యూయార్క్‌లో రాత్రి 9కి రద్దు మెసేజ్ వస్తే మనకు మర్నాడు ఉదయం 7.30. వాళ్లు నిద్ర కాచుకుని అమెరికా నంబర్‌లో మూడు గంటలు పాట వింటూ కూర్చునే బదులు, మీరు అదే కంపెనీ భారతదేశ నంబరుకు చేయండి. చాలాసార్లు త్వరగా కలుస్తుంది, వాళ్లకు కనిపించే రికార్డు కూడా అదే. ఇందుకు మీ దగ్గర ఉండాల్సినవి: పీఎన్‌ఆర్, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పేరు, టికెట్ నంబరు, మార్చుకోదలచిన విమానం నంబరు. ఒకరు ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరు ఆప్‌లో మార్చకూడదు, రెండు మార్పులు ఢీకొని టికెట్ చిక్కుల్లో పడుతుంది. ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి.

చేయకూడనిది కూడా చెప్పాలి. వాళ్లు కౌంటర్ దగ్గర క్యూలో ఉన్నప్పుడు పది నిమిషాలకోసారి 'ఏమైందిరా' అని వీడియో కాల్ చేయకండి. ఫోన్ బ్యాటరీ అయిపోతే బోర్డింగ్ పాస్ కూడా పోయినట్టే.

300 రూపాయల దర్శనం టికెట్ తేదీ దాటిపోతే?

మామూలుగా ఆ టికెట్ తేదీ మార్చరు, డబ్బు వెనక్కి రాదు. పోయిందనుకుని వదిలేయడమే. కాకపోతే వేరే దారులున్నాయి. విదేశాల్లో ఉండేవాళ్లు దేశంలో దిగిన నెలలోపు ఒరిజినల్ పాస్‌పోర్టు, అందులో ఇమ్మిగ్రేషన్ ముద్రతో తిరుమలలో సుపథం దగ్గరికి వెళితే 300 టికెట్‌తో ప్రవేశం ఇచ్చే ఏర్పాటు ఉంది. జిరాక్సు పనికిరాదు. అయితే వైకుంఠ ద్వార దర్శనం రోజుల్లో ఇలాంటి ప్రత్యేక సౌకర్యాలను టీటీడీ నిలిపేస్తుంటుంది, ఆ పది రోజుల్లో దీన్ని నమ్ముకోకండి. మామూలు రోజుల్లో విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లో ఇచ్చే ఉచిత టోకెన్లు, అవీ లేకపోతే వైకుంఠం క్యూ ఉండనే ఉన్నాయి.

వైకుంఠ ఏకాదశి ఒక్కో ఏడు ఒక్కో చోట పడుతుంది. 2025లో జనవరి 10న ఒకసారి, డిసెంబర్ 30న మరోసారి వచ్చింది. డిసెంబర్ చివర్లో పడిన ఏడాది విమానాల రద్దీ, మంచు, కొండమీద రద్దీ మూడూ ఒకేసారి. అలాంటప్పుడు దిగిన మర్నాడే దర్శనం పెట్టుకుంటే టెన్షన్ కొని తెచ్చుకున్నట్టే. దిగిన నాలుగో రోజో ఐదో రోజో పెట్టుకోండి. పుట్టువెంట్రుకలకైతే ముందే ఇంత టైమని పెట్టుకోనక్కర్లేదు, కల్యాణకట్టలో ఏ రోజైనా తీస్తారు. చుట్టాలందరికీ చెప్పి బస్సు మాట్లాడుకునేది మాత్రం పిల్లలు ఇంటికి చేరాకే.

చెన్నైలోనో హైదరాబాద్‌లోనో అమెరికా వీసా స్టాంపింగ్ ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ వ్యవధి పెట్టుకోవాలి. దర్శనం పోతే మళ్లీ దొరుకుతుంది, ఆ స్లాటు పోతే ఉద్యోగం మీదికి వస్తుంది.

మేమే జనవరిలో పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. దారిలో ఇరుక్కుపోతే?

చెన్నైలో బయలుదేరాక న్యూయార్క్ మూసుకుపోతే మీరు ఆగేది దోహాలోనో దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో. భయపడాల్సిన ఊళ్లు కావు. కానీ విమానాశ్రయం దాటి బయట హోటల్‌కు పోవాలంటే ఆ దేశం అనుమతి కావాలి, లేకపోతే లోపలే ఉండాలి. బీపీ, షుగర్ మందులు, ఇన్సులిన్, డాక్టర్ చీటీ ఐదారు రోజులకు సరిపడా చేతి సంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వేస్తే అది మీ చేతికి రాదు. శాలువా, స్వెటర్, చార్జర్, పిల్లల చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం. ఇంగ్లిష్ ఇబ్బందైతే వీల్‌చైర్ సాయం బుక్ చేయించండి, నడవగలిగినా సరే. ఆ సాయం చేసేవాళ్లే కొత్త గేటు దగ్గరికి తీసుకెళ్తారు, మిమ్మల్ని మరిచిపోరు.

ఇన్సూరెన్స్ ఉంటే చాలదా?

తుఫాను వార్త రాకముందు కొన్నదైతే పనికొస్తుంది. వార్త వచ్చాక కొంటే ఆ తుఫానుకు వర్తించదు.

మేం అమెరికా కాదు, కొత్త సంవత్సరానికి కశ్మీర్ వెళ్తున్నాం.

శ్రీనగర్‌లోనూ మంచు పడితే విమానాలు ఆగిపోతాయి, వెలుతురు చాలక కూడా ఆగుతాయి. మన దేశంలో వాతావరణం వల్ల రద్దయితే పరిహారం రాదు, డబ్బు వాపసో వేరే విమానమో అడగొచ్చు. దీనికితోడు డిసెంబర్, జనవరిలో ఢిల్లీ పొగమంచు. తెల్లవారుజామున ఢిల్లీలో విమానం మారే టికెట్ కొనకండి, మధ్యాహ్నం మారేలా చూసుకోండి. అమెరికా నుంచి ఢిల్లీ మీదుగా వచ్చేవాళ్లకూ ఇదే చెప్తాను.

చెన్నైకి కారు ఎప్పుడు పంపాలి?

అమెరికాలో ఎక్కామని ఫోన్ వస్తే పంపకూడదు. గల్ఫ్‌లోనో యూరప్‌లోనో రెండో విమానం ఎక్కి, తలుపు వేశారని మెసేజ్ వచ్చాక పంపండి. దోహా, దుబాయ్ నుంచి చెన్నైకి నాలుగు గంటలు, తిరుపతి నుంచి కారుకూ దాదాపు అంతే. దిగాక ఇమ్మిగ్రేషన్, పెట్టెలకు ఇంకో గంట పైనే పడుతుంది, కాబట్టి డ్రైవర్ టీ తాగి మరీ చేరుకుంటాడు. విమానం నంబరు ఫ్లైట్‌రాడార్ ఆప్‌లో కొడితే ఎక్కడుందో కనిపిస్తుంది, డ్రైవర్‌కు కూడా ఆ నంబరు ఇవ్వండి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే తేదీ మారొచ్చని చెప్పి ఉంచితే పండగ పూట మాటా మాటా పెరగదు.